మొఖం నాదే, గొంతు ఎవరిదో

సినిమాలో నేను కనబడింది మొత్తం 38 సెకన్లు. ఉజ్జాయింపు లెక్క కాదిది. చాలా ఏళ్ల తర్వాత ఆ సినిమా యూట్యూబ్‌లోకి వచ్చినప్పుడు స్టాప్‌వాచ్ పెట్టుకొని కొలిచాను. అందులో 14 సెకన్లు నా వీపు. మిగిలిన 24 సెకన్లలో ఒకటే డైలాగు. ఆ ఒక్క ముక్క కోసం వరంగల్ నుంచి హైదరాబాద్ పోయి నాలుగేళ్లు తిరిగాను.

మొన్న మా అక్క కొడుకు వచ్చి, "మామా, నేను గూడ యాక్టర్ అయితా. ఏం జెయ్యాలె?" అన్నాడు. వాడి ఫోన్ నిండా రీల్సే. వాటిని చూసినవాళ్లు నా సినిమాను చూసినవాళ్లకంటే ఎక్కువే ఉంటారు. వాడికేం చెప్పాలో తోచలేదు. చాయ్ పోయించి పంపించాను. వాడు పోయినకాడి నుంచి మనసులో ఇదే తిరుగుతోంది.

మా ఇల్లు వరంగల్‌లో ఆజంజాహి మిల్లు సైరను వినబడేంత దూరంలో ఉండేది. 1934లో నిజాం జమానాలో పెట్టిన మిల్లు అది. బాపు అందులో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసేవాడు. సాంచల మోతలో ఇరవై ఏళ్లు నిలబడ్డ మనిషికి రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, చెవులు పోతాయి. రెండోది, మెల్లగా మాట్లాడటం మరిచిపోతాడు. బాపు గుసగుసగా చెప్పిన రహస్యం కూడా మా వాడకట్టంతా తెలిసేది. షిఫ్టు దిగి సందు మలుపు తిరుగుతూనే, తలలో మీసంలో దూది నూగుతో, "నీళ్లు తోడినవా?" అని కేకేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో నుంచి "ఆఁ, తోడిన" అనేది. ఆయనకు అది వినబడేది కాదు. అయినా అనేది.

మిల్లులో వాళ్లు ఒకరి మాట ఒకరు చెవులతో వినరు, పెదవులు చూసి పట్టుకుంటారు. మోతలో మరి ఎట్లా మాట్లాడుకోవాలి? బాపు ఇంట్లో కూడా అంతే, మనం మాట్లాడుతుంటే కళ్లల్లోకి చూడడు, నోటి దిక్కు చూస్తాడు. చిన్నప్పుడు నాకది భయం. అబద్ధం చెబితే నా పెదవుల మీదే పట్టుబడేది.

నటన అనేది ఒకటుందని నాకు తెలిసింది మాత్రం సినిమాతో కాదు. అవ్వగారి ఊరు పరకాల దిక్కు. ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు ఒకసారి ఊరికి యక్షగానం ఆడే చిందోళ్లు వచ్చారు. రోజుకొక ఆట. పగలు మా తాతతో పుల్లబీడీ పంచుకుంటూ, వడ్లు కొలవడంలో తక్కువ పోసిన్రని గొడవ పెట్టుకున్న మనిషే రాత్రికి హిరణ్యకశిపుడు. నేను ముందర కూర్చోకుండా వెనక రంగు పూసుకునే తావుకు పోయాను. ఆయన అర్దళమనే రంగురాయి నూరుకొని చేతి అద్దం ముందు గొంతుక్కూర్చున్నాడు. మొఖమంతా పసుపుపచ్చ. దాని మీద నల్లగా కనుబొమలు, మీసాలు. పక్కన పొనికి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు, వాటికి అతికించిన అద్దం బిళ్లలు. ఒకటి ఊడిపోతే ఆయన నాలుకతో తడి చేసి అంటించాడు. అది మళ్లీ ఊడింది. ఒక బూతు మాట తిట్టి ఊరుకున్నాడు.

ఇద్దరు మనుషులు చెరో దిక్కు ఒక బట్ట పట్టుకున్నారు, అదే తెర. తెర వెనక నిలబడి ఆయన దరువు అందుకున్నాడు. నాకు వెన్నులో చలి పుట్టింది. ఎందుకంటే తెర దించకముందే, కిరీటం కొన తప్ప ఏమీ కనబడకముందే, ఆ గొంతులో హిరణ్యకశిపుడు వచ్చేశాడు. తాతతో వడ్ల కోసం గొడవ పెట్టుకున్న గొంతు కాదది. మొఖం తర్వాత వచ్చింది.

వరంగల్‌లో గొంతు మీద మోజు పడని పోరడు ఉండడు లెండి. దానికి కారణం మా ఊళ్లోని మట్టెవాడ పేట. ధ్వన్యనుకరణ అంటే దేశమంతా పేరు చెప్పుకునే నేరెళ్ల వేణుమాధవ్ ఆ పేట ఆయనే. 2018లో పోయారు. మా రోజుల్లో గణపతి మండపం ఉన్న ప్రతి గల్లీలో ఒక చిన్న వేణుమాధవ్ తయారయ్యేవాడు. నేనూ ఒకణ్ని. రామారావు గొంతు, నాగేశ్వరరావు గొంతు, రైలు కూత, కుక్కల కొట్లాట. జనం చప్పట్లు కొట్టేది కుక్కల కొట్లాటకే. హన్మకొండ కాలేజీలో డిగ్రీ చదువుతూ నాటకాల్లోకి వచ్చాను. రిహార్సళ్లు పబ్లిక్ గార్డెన్‌లో చెట్ల కింద. మైకు ఒక్కటే ఉండేది, స్టేజీ నడిమిట్లో. పక్కకు జరిగితే మాట వినబడదు కాబట్టి ఎవరి డైలాగు వస్తే వాళ్లు మైకు కిందికి జరగాలి. చావు సీన్‌లో చచ్చేవాడు కూడా మైకు కిందకొచ్చే చచ్చేవాడు. నాకా బాధ లేదు. బాపు పుణ్యమా అని నా గొంతు చివరి వరుసకు మైకు లేకుండానే పోయేది.

బాపుకు వీఆర్ఎస్ కాగితాలు వచ్చిన రోజుల్లోనే నేను పోతానన్నాను. మిల్లు మూతపడబోతోందని అందరికీ తెలుసు. ఇంట్లో పెద్దకొడుకును. ఎంత దరిద్రపు సమయం ఎంచుకున్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అవ్వ మూడు రోజులు అన్నం పెట్టింది కాని మాట్లాడలేదు. బాపు గొడవ చేయలేదు. 1998 జూన్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి స్టేషన్‌కు వచ్చి, ప్లాట్‌ఫారమంతా వినబడేటట్టు ఒకటే చెప్పాడు: "సల్లనీళ్లు తాగకు. గొంతు ఖరాబైతది." ఇంకేదో కూడా అనబోయాడు. బండి కదిలింది. కాజీపేట, జనగామ, ఆలేరు, భువనగిరి. భువనగిరి గుట్ట కనబడేదాకా నిలబడే ఉన్నాను, సీటు ఖాళీగానే ఉన్నా.

కృష్ణానగర్‌లో రూమ్. నలుగురం. ఒకడు భీమవరం, ఒకడు తెనాలి, ఒకడు అనంతపురం, నేను. అక్కడి నుంచి అన్నపూర్ణ స్టూడియో గేటుకు నడిచి పోవచ్చు. ఓపికుంటే అమీర్‌పేటలో సారథికి కూడా నడిచే. ఓపిక కాదు, బస్సు పైసలు లేక. చేతిలో ఆల్బమ్. హన్మకొండ ఫొటో స్టూడియోలో తీయించినవి 12 ఫొటోలు: నవ్వుతూ ఒకటి, కోపంగా ఒకటి, గడ్డంతో ఒకటి, కూలింగ్ గ్లాసులతో రెండు. కోపంగా ఉన్నదాంట్లో వెనకాల కర్టెన్ మీద నెమళ్లు కనబడతాయి. ఆ ఆల్బమ్ పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగడమే ఉద్యోగం. ఫొటో వెనక పేరు, ఎత్తు, పీపీ నంబరు రాసి ఇచ్చి రావాలి. పీపీ నంబరంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మన ఫోన్ కాదు, పక్కింటివాళ్లదో కిరాణా కొట్టుదో. మాది కిరాణా కొట్టు. ఫోనొస్తే కొట్టాయన పిల్లను పంపించి పిలిపించేవాడు. బాకీ ఉన్న నెలలో పిలిపించేవాడు కాదు. ఆ నెలల్లో నాకు ఎన్ని పాత్రలు వచ్చి పోయాయో అని చాలా రోజులు కుమిలిపోయాను. ఏమీ వచ్చి ఉండవు.

తిండికి క్రౌడ్‌లో పోయేవాళ్లం. తెల్లారి నాలుగున్నరకు చౌరస్తాలో నిలబడితే ఏజెంటు వచ్చి, నువ్వు, నువ్వు, తెల్ల చొక్కా నువ్వు, అని బస్సెక్కించేవాడు. ఊరి జనం, పెళ్లి జనం, కోర్టులో జనం. యూనియన్ కార్డు ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. కార్డుకు కట్టే డబ్బు మా దగ్గర ఉంటే అసలు ఆ పనికే పోకపోదుము. ప్రొడక్షన్ వాళ్ల ఇడ్లీ, ఉప్మా మాత్రం కడుపు నిండా దొరికేవి. సెట్లో మొదట నేర్చుకున్నది నటన కాదు, నీడ ఎక్కడుందో చూసుకోవడం. లైటింగ్ మార్చినప్పుడల్లా గంట, గంటన్నర. రోజంతా నిలబడితే కెమెరా మన దిక్కు తిరిగేది రెండు నిమిషాలు. అదీ ఫోకస్ లేకుండా.

ఒకాయన మేనేజర్‌నని చెప్పుకొని, హీరో తమ్ముడి వేషం ఇప్పిస్తానని మా నలుగురి దగ్గరా తలా ఐదు వేలు తీసుకున్నాడు. నలుగురికీ అదే వేషం. ఒకరికి తెలియకుండా ఒకరికి. అది బయటపడ్డ రాత్రి మేం ఆయన్ని తిట్టుకోలేదు, ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం. ఆ డబ్బు అవ్వ చెవుల దిద్దులు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు నేను, అవ్వ కూడా ఎత్తలేదు.

అసలు కష్టం ఇవేవీ కాదు. నా కష్టం "అండీ".

ఆడిషన్‌లో ఇచ్చే కాగితం మీద ఏ డైలాగైనా "వచ్చారండీ", "చెప్పానండీ", "లేదండీ" అని ఉండేది. నేను చదివితే అవతల కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. వెక్కిరింతగా కూడా కాదు, మామూలుగా, ముద్దొచ్చినట్టు. ఆ నవ్వు ఇంకా కష్టం. మా దిక్కు గౌరవం కావాలంటే "సార్" ఉంది, "అన్నా" ఉంది, "పటేలా" ఉంది. మాట చివర "అండీ" తగిలించే అలవాటు నాలుకకు లేదు. బలవంతాన తగిలిస్తే అది అతుకు బట్టలాగ వేలాడేది. తెనాలి మిత్రుడు, పాపం, నెలల తరబడి నాకు ట్యూషన్ చెప్పాడు. రాత్రిపూట డాబా మీద పేపరు పట్టుకొని గట్టిగా చదివించేవాడు. నేను "ఒచ్చిండు" అంటే "వచ్చాడు" అని సరిచేసేవాడు. "తొవ్వ" కాదు "దారి". "బిరాన" కాదు "త్వరగా". "సోయి" అంటే వాడికి ఎంత చెప్పినా అర్థం కాలేదు, చివరికి ఆ మాట నేనే మానేశాను. బదులుగా వాడికి నేను "ఏందన్నా" నేర్పించాను. వాడు అనగానే ఇంటి ఓనర్ ఫక్కుమన్నాడు. అంతవరకు సమానమే.

హైదరాబాద్‌లో ఉంటూ హైదరాబాద్ మాట మాట్లాడకూడదని ఎందుకో ఇప్పుడైతే చెప్పగలను. నాటక సమాజాలు, రాసేవాళ్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు ఎక్కువగా కోస్తా నుంచే వచ్చారు. ఏళ్ల తరబడి మద్రాసులో ఉండి ఆ మాటనే సినిమా మాటగా స్థిరపరిచారు. తర్వాత సినిమా ఇక్కడికి తరలి వచ్చినప్పుడు సామానుతో పాటు ఆ మాటనూ తెచ్చుకుంది. మా మాటకు అందులో చోటుంటే రౌడీ నోట్లోనో, తాగుబోతు నోట్లోనో, పనివాడి నోట్లోనో. ఎవరి మీదా కోపం లేదు, అప్పుడు మాత్రం చాలా ఉండేది. కరీంనగర్ నుంచి బొంబాయి పోయి హిందీ సినిమాల్లో హీరో అయిన పైడి జైరాజ్ సంగతి మా రూమ్‌లో తరచు వచ్చేది. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మనిషి. ఆయన మొదలుపెట్టింది 1929లో, మూకీ సినిమాలతో. "అందుకే మీవాడు గట్టెక్కాడు, నోరు తెరిచే పని లేదు కదా" అని భీమవరం మిత్రుడు అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. నేను ఒక క్షణం ఆలస్యంగా.

2002లో వచ్చింది ఆ వేషం. హీరో తన చెల్లెలి కోసం ఒక లాడ్జికి వస్తాడు. కౌంటర్‌లో ఉన్నవాణ్ని అడుగుతాడు. వాడు చెప్పాలి: "వాళ్లు ఇప్పుడే వెళ్లిపోయారండీ, సార్." అంతే. ముందు వేయాల్సిన ఆయనకు ఆ రోజు జ్వరం. అసిస్టెంట్ డైరెక్టర్ జనంలోకి చూసి, "నువ్వు నాటకాలు వేశావు కదా, రా" అన్నాడు.

మేకప్ వేశారు. నిజమైన మేకప్, కుర్చీలో కూర్చోబెట్టి. మొదటిసారి నాకు కుర్చీ దొరికింది. మార్క్ చూపించారు. రెండు రిహార్సళ్లలో డైలాగు పద్ధతిగా, డాబా మీద నేర్చుకున్నట్టే వచ్చింది. టేక్. హీరో తలుపు తోసుకొని నిజంగా పరుగెత్తుకొచ్చాడు, చొక్కా తడిసి, ఆయాసపడుతూ, నా కళ్లలోకి చూసి అడిగాడు. ఆయన గొప్ప నటుడు, కాదనను. ఒక్క క్షణం నాకు కెమెరా గుర్తు లేదు. ఎవరి చెల్లెలో తప్పిపోయింది, ఒక మనిషి అడుగుతున్నాడు. నా నోట్లో నుంచి వచ్చేసింది: "ఆల్లు ఇప్పుడే పోయిన్రు సార్!"

కట్. నా గుండె జారిపోయింది. డైరెక్టర్ మానిటర్ వెనక నుంచి, "ఎక్స్‌ప్రెషన్ బాగుంది. మాట డబ్బింగ్‌లో చూసుకుందాం. నెక్స్ట్ సజెషన్ పెట్టండి" అన్నాడు. సజెషన్ అంటే నా వీపు మీదుగా హీరో మొఖం. ఆ 14 సెకన్లు అవే. డబ్బింగ్‌కు నన్ను పిలుస్తారనుకున్నాను. కిరాణా కొట్టు బాకీ కట్టేసి మరీ ఫోన్ కోసం చూశాను. చిన్న వేషాలకు అట్లా పిలవరని, ఒక్క డబ్బింగ్ ఆర్టిస్టే ఒక పూటలో పది మంది గొంతులు చెప్పేసి పోతాడని నాకు అప్పటికి తెలియదు.

సినిమా విడుదలైన రెండో రోజు ఇంటికి పోయాను. అవ్వ, బాపు, అక్క, బావ, పక్కింటోళ్లు, మొత్తం పదకొండు మందిమి రెండు ఆటోల్లో హన్మకొండకు. లాడ్జి సీన్ రాగానే బావ ఈల వేశాడు. తెర మీద నేను. ఇంత పెద్ద మొఖం. నోరు తెరిచాను. ఎవరిదో పలుచటి గొంతు, ముక్కుతో మాట్లాడినట్టు: "వాళ్లిప్పుడే పోయారండి సార్."

చీకట్లో అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "మొఖం నీదే గని, గొంతు ఎవనిదిరా?"

నాకు మాట రాలేదు. ఇంటర్వెల్‌లో అందరూ మెచ్చుకున్నారు, సమోసాలు తిన్నారు. బావ డబ్బింగ్ అంటే ఏమిటో అందరికీ వివరించాడు, సగం తప్పు. తిరుగు ప్రయాణంలో ఆటోలో బాపు పక్కన కూర్చున్నాను. ఆయన చాలాసేపు బయటికి చూస్తూ ఉండి, నా దిక్కు తిరిగి, ఆటో డ్రైవర్ ఉలిక్కిపడేంత గట్టిగా అన్నాడు: "ఆల్లు ఇప్పుడే పోయిన్రు సార్ అన్నవు గదా. మంచిగన్నవు."

నేను సెట్లో ఏమన్నానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి కథ తొందరగానే చెప్పొచ్చు, చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు కూడా. సీరియళ్లలో డ్రైవర్, డాక్టర్, పోలీసు. డాక్టర్ వేషం ఐదు సీరియళ్లలో వేశాను, ఐదింట్లోనూ "మా ప్రయత్నం మేం చేశాం" అన్నాను. "అండీ" వచ్చేసింది చివరికి. ఎంత బాగా వచ్చిందంటే ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా వచ్చేది, అవ్వ అవతల కాసేపు నిశ్శబ్దమయ్యేది. 2006లో బాపు పోయాడు. 2008లో రూమ్ ఖాళీ చేసి వచ్చేశాను. అనంతపురం మిత్రుడు అప్పటికే ఊరెళ్లిపోయాడు. భీమవరం అతను మంచి పేరున్న కో-డైరెక్టర్ అయ్యాడు. తెనాలి మిత్రుడు ఎక్కడున్నాడో తెలియదు, ఎంత వెతికినా దొరకలేదు. నేను బావతో కలిసి హన్మకొండలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు పెట్టాను. ఉద్యమం రోజులు. జై తెలంగాణ ఫ్లెక్సీలు రాత్రింబవళ్లు వేశాం. వాటి మీద అక్షరాలు మా మాటలో ఉండేవి, "అండీ" లేకుండా.

భీమవరం మిత్రుడి ఫోన్ వచ్చింది 2019లో. "ఒరేయ్, మా హీరోకి తెలంగాణ యాస నేర్పాలి. నువ్వు తప్ప నాకెవరూ గుర్తు రాలేదు. వస్తావా?"

ఫోన్ పెట్టేసి ఎంతసేపు నవ్వానో. డబ్బులిస్తామన్నారు, కారు పంపిస్తామన్నారు. ఆ రాత్రి స్క్రిప్టు ముందేసుకొని డైలాగులు మార్చి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అవ్వ మంచంలో పడుకొని వింటోంది. కాసేపు ఊరుకొని లేచి కూర్చుంది. "గట్ల మాట్లాడుతర్రా ఎవలన్న? పట్నపోడు మనలను ఎక్కిరిచ్చినట్టున్నది."

నిజమే. పదేళ్లు గీకి గీకి తుడిచేసుకున్నది ఒక్క రాత్రిలో ఎట్లా వస్తుంది? పదాలు వచ్చాయి కానీ రాగం రాలేదు. అవ్వే నాకు గురువైంది. ఏ డైలాగైనా ముందు ఆమెకు సంగతి చెప్పి, నువ్వైతే ఎట్లా అంటవు అని అడిగేవాణ్ని. ఆమె అన్నది ఫోన్‌లో రికార్డు చేసేవాణ్ని. యాస అంటే ఒక్కటే అనుకుంటారు బయటివాళ్లు. కరీంనగర్ దిక్కు "అత్తన్న" అంటారు, మా దిక్కు "వస్తాన" అంటాం. ప్రతి మాటకూ "గ" తగిలిస్తే తెలంగాణ అయిపోదని హీరోకు చెప్పడానికి నాకు వారం పట్టింది. మంచి పిల్లగాడే. చెబితే విన్నాడు. నన్ను "మాస్టారూ" అని పిలిచేవాడు, నేను "అన్నా అను" అనేవాణ్ని, అతనికి అది రాలేదు.

2023లో బలగం వచ్చినంక ఇక ఫోన్లు ఆగలేదు. సిరిసిల్ల దిక్కు ఊళ్లో, చావింటి చుట్టూ తీసిన సినిమాకు జనం పందిళ్లు వేసుకొని ఊరుమ్మడిగా కూర్చొని ఏడవడం చూశాక, మా మాటలో ఏడిస్తే కూడా జనం చూస్తారని అందరికీ తెలిసింది. యాస నేర్పడంతో పాటు డబ్బింగ్ కూడా చెప్పమన్నారు. ఒక వెబ్ సిరీస్‌లో ముసలి నేతకార్మికుడి పాత్ర. వేసినాయన రాజమండ్రి నుంచి. నాటకాల్లో పండిపోయిన మనిషి, మొఖంలో ఏ లోటూ లేదు. మాటే పడలేదు. ఎవరో కుర్రాడు అట్లాగే నా మొఖానికి గొంతు చెప్పిపోయాడు ఒకప్పుడు. ఇప్పుడు నేను ఆయనకు. ఆయనకు ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను, నంబరు కూడా తీసుకున్నాను. చేయలేదు.

రెండు రోజులు చెప్పాను. చీకటి గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా స్క్రీన్, ఆయన పెదవులు. ఆ పెదవులనే చూస్తూ కూర్చోవాలి, ఎక్కడ మూసుకుంటాయి, ఎక్కడ తెరుచుకుంటాయి అని. సౌండ్ ఇంజినీరు అద్దం అవతల నుంచి నాలుగైదు సార్లు ఆపాడు: "సార్, మైక్ దగ్గరే ఉంది. అంత అరవక్కర్లేదు." తగ్గించుకునేవాణ్ని. మళ్లీ పెరిగేది. చివరికి ఆయనే మైకును దూరం జరిపాడు. ఒకచోట స్క్రిప్టులో "స్నానానికి నీళ్లు పెట్టావా?" అని ఉంటే నేనే మార్చాను. పెదవులకు సరిగ్గా అతకలేదు. అయినా మాట బాగుందని ఉంచేశారు.

పోయిన చలికాలం అది టీవీలో పెట్టాను. అవ్వకు ఇప్పుడు 78. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది కానీ చూపు పెద్దగా ఆనదు. టీవీకి వీపు తిప్పుకొని, కింద చాప మీద కూర్చొని అనపకాయలు ఒలుస్తోంది. నేను ఇందులో గొంతు చెప్పానని ఆమెకు చెప్పలేదు, ఆమె గుర్తుపడుతుందా లేదా చూద్దామని. తెర మీద ముసలాయన మగ్గం దిగి, భుజం మీద తువ్వాల దులుపుకుంటూ వాకిట్లోకి వచ్చి కేకేశాడు.

"నీళ్లు తోడినవా?"

"ఆఁ, తోడిన" అంది అవ్వ. ఒలిచిన గింజలు ఒళ్లో నుంచి జారుతుండగా, చెయ్యి నేలకు ఆనించి లేవబోయింది.